చప్పుడు ఎంత, చిరాకు ఎంత: తరచుగా అడిగే ప్రశ్నలు

"మీటరు పెట్టి చూశాం, 35 డెసిబెల్సే ఉంది. దీనికి కూడా ఇబ్బందేనా?" రాత్రిళ్లు నిద్ర లేక ఫిర్యాదు చేసినవాళ్లకు తరచు ఎదురయ్యే మాట ఇది. ఆ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిద్ర పట్టలేదన్న మనిషీ అబద్ధం చెప్పడం లేదు. మీటరు కొలిచేది ఒకటి, చెవి వినేది ఇంకొకటి, మనసు పడే బాధ మూడోది. ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలిస్తే సగం గొడవలు మొదలవ్వకముందే ఆగిపోతాయని నా నమ్మకం. ఇక్కడ మీటరు చూపే అంకెను తీవ్రత అనీ, చెవికి ఎంత గట్టిగా అనిపిస్తోందన్న దాన్ని మోత అనీ, అది పెట్టే విసుగును చిరాకు అనీ రాశాను.

డెసిబెల్ అంటే ఏమిటి? ఒకటికి రెండు మోటార్లు ఆన్ చేస్తే డెసిబెల్స్ కూడా రెట్టింపు కావాలి కదా?

కావు. ఒక మోటారు 60 డెసిబెల్స్ మోగుతుంటే, పక్కన సరిగ్గా అలాంటిదే ఇంకొకటి ఆన్ చేస్తే మీటరు 63 చూపిస్తుంది. డెసిబెల్‌ది లాగరిథమ్ లెక్క. 10 పెరిగితే శబ్దంలో శక్తి 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు, 30 పెరిగితే 1000 రెట్లు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద పెట్టిన 'బెల్'లో పదో వంతు కాబట్టి దీనికి డెసిబెల్ అని పేరు.

సున్నా డెసిబెల్స్ అంటే పూర్తి నిశ్శబ్దమని చాలామంది అనుకుంటారు. అది ఆరోగ్యంగా ఉన్న కుర్ర చెవికి అంతంత మాత్రంగా వినపడే శబ్దం, గాలి ఒత్తిడిలో 20 మైక్రోపాస్కల్స్ మార్పు. అక్కడి నుంచి చెవి నొప్పెట్టే 120 దాకా వెళ్తే శక్తి లక్ష కోట్ల రెట్లు పెరుగుతుంది. అంత తేడానూ ఒకే చెవి తట్టుకుని వినాలి కాబట్టే ఈ లాగరిథమ్ లెక్క అవసరమైంది.

మరి 'రెట్టింపు మోత' అనిపించాలంటే ఎంత పెరగాలి?

సుమారు 10 డెసిబెల్స్. శక్తి 10 రెట్లైతే గానీ చెవికి రెండింతలు అనిపించదు. ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1936లో మోతను కొలవడానికి 'సోన్' అనే కొలమానాన్ని ప్రతిపాదించాడు. 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర 40 డెసిబెల్స్ శబ్దం ఒక సోన్. 50 అయితే రెండు, 60 అయితే నాలుగు.

దీన్నుంచి ఒక చేదు నిజం బయటపడుతుంది. రోడ్డు మీద బళ్లు సగానికి సగం తగ్గించినా మీటరు తగ్గేది 3 డెసిబెల్సే. తేడా తెలుస్తుంది, కానీ సగమైందని ఎవరికీ అనిపించదు. అధికారులు నిజంగానే సగం బళ్లు మళ్లించి ఉండొచ్చు, జనం "ఏం తగ్గలేదు" అనీ నిజంగానే అనొచ్చు.

రెండు శబ్దాలకీ అంకె ఒకటే. అయినా ఒకటి చెవులు చిల్లులు పడేలా, ఇంకోటి అసలు లేనట్టు ఎందుకుంటుంది?

చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా వినదు కాబట్టి. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని బడిలో చదువుకున్నాం. అందులో అది బాగా చురుగ్గా ఉండేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య. చెవి రంధ్రం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవున్న గొట్టం 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని తనే కాస్త పెంచి లోపలికి పంపుతుంది. కీచుమనే బ్రేకు, విజిల్, పసిపిల్లల ఏడుపులోని పదును చాలావరకు ఈ ప్రాంతంలోనే పడతాయి.

బరువైన, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న, శబ్దాల సంగతి దీనికి తలకిందులు. 50 హెర్ట్జ్ హమ్మింగ్ వినపడాలంటేనే 40 డెసిబెల్స్ దాటాలి. 1933లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధన సంస్థలో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ ఈ తేడాలను గీతలుగా గీశారు. ఈ రోజుకీ వాటి సవరించిన రూపమే ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వాడుకలో ఉంది. పాట వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు ముందుగా బేస్ మాయమైపోవడం మీరు గమనించే ఉంటారు. స్పీకరులో లోపమేమీ లేదు, ఆ గీతలు చెప్పేది అదే.

ఇంకో మెలిక ఉంది. బరువైన శబ్దం వినపడటం మొదలయ్యాక చాలా వేగంగా పెరుగుతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ పెరిగితే 'కాస్త ఎక్కువైంది' అనిపిస్తుంది. 40, 50 హెర్ట్జ్ దగ్గర అదే 5 పెరిగితే, అప్పటిదాకా లేనట్టున్నది గది నిండా కమ్ముకున్నట్టు ఉంటుంది. పెద్ద ఏసీ యంత్రాలు, జనరేటర్ల పక్కన ఉండేవాళ్లు "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ భరించలేకపోతున్నాం" అంటే నమ్మండి.

మీటరు మీద డెసిబెల్ పక్కన 'ఏ' అని ఉంటుంది. అదేమిటి?

చెవిలా వినమని మీటరుకు చెప్పే దిద్దుబాటు అది. ఏ-వెయిటింగ్ అంటారు. ఈ లెక్కలో 100 హెర్ట్జ్ శబ్దం నుంచి 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ శబ్దం నుంచి 30 డెసిబెల్స్ తీసేస్తారు. మామూలు రోడ్డు శబ్దానికి ఇది ఫరవాలేదు. కానీ ఇది తక్కువ మోత ఉన్న శబ్దాల దగ్గర చెవి తీరును చూసి చేసిన దిద్దుబాటు. పై అంతస్తులో సబ్‌వూఫర్ 'దబ్ దబ్' అంటుంటే, గోడలు పాటలోని మాటల్నీ తీగల్నీ ఆపేసి ఆ దబ్ దబ్‌ను మాత్రం లోపలికి వదులుతాయి. ఏ-వెయిటింగ్ మిగిలిన ఆ ఒక్కదాన్నీ లెక్కలోంచి కోసేస్తుంది. అంకె చిన్నదిగా వస్తుంది, మంచం మీద మనిషి ఛాతీ అదురుతూనే ఉంటుంది. ఇలాంటి చోట, బరువైన శబ్దాలను పెద్దగా తీసేయని సి-వెయిటింగ్‌లో కూడా కొలవమని అడగండి. రెండు అంకెల మధ్య తేడా 15, 20 డెసిబెల్స్ ఉందంటే అక్కడ బరువైన శబ్దం గట్టిగానే ఉందన్నమాట.

నల్లా చుక్క, గడియారం టిక్ టిక్. ఇంత చిన్నవి నిద్ర ఎందుకు పాడుచేస్తాయి?

ఈ ప్రశ్నకు నేను సొంత అనుభవంతో జవాబు చెప్పగలను. కొత్తగా చేరిన గదిలో మొదటి రాత్రి, కాస్త చలిగా ఉందని ఫ్యాన్ ఆపి పడుకున్నాను. అప్పుడు మొదలైంది, టిక్, టిక్. లేచి గోడ గడియారం తీసి దుప్పట్లో చుట్టి అలమారాలో పెట్టాను. అయినా వినపడుతూనే ఉంది, లేదా వినపడుతున్నట్టే ఉంది, తేడా తెలియలేదు. చెవి దాన్నే వెతుకుతోంది. చివరికి బ్యాటరీ తీసేస్తే గానీ కునుకు పట్టలేదు. మర్నాడు బ్యాటరీ వేశాను, ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను. ఆ గడియారం అక్కడే నా తల పైన వేలాడుతోంది, మళ్లీ ఒక్క రాత్రి కూడా వినపడలేదు.

ఇందులో మూడు సంగతులున్నాయి. మొదటిది మాస్కింగ్: ఫ్యాన్ గాలి హోరు టిక్ టిక్‌ను కప్పేసింది. చప్పుడు ఎంతుందన్నదానికంటే చుట్టూ ఉన్న నిశ్శబ్దం మీద అది ఎంత పైకి లేచిందన్నదే లెక్క. పగలు వినపడనిది రాత్రి రెండింటికి గంట కొట్టినట్టు ఉండటం అందుకే. రెండోది, ఆగి ఆగి వచ్చే శబ్దం. ఫ్యాన్ ఒకే తీరున ఉంటుంది కాబట్టి మెదడు కాసేపటికి దాన్ని వదిలేస్తుంది. నల్లా చుక్క అలా వదలనివ్వదు. పడిన చుక్క కంటే పడబోయే చుక్క ఎక్కువ హింస. టప్ మంది, ఇంకోటి ఎప్పుడా అని ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటాం. మూడోది, శబ్దంలో ఉన్న సమాచారం. ఫ్యాన్ హోరులో మనకు కావలసిన వార్త ఏదీ లేదు. చుక్క పడుతోందంటే ఎక్కడో ఏదో సరిగా లేదని.

మన భాష ఈ తేడాలను ఎప్పుడో పట్టుకుంది. అలికిడి చాలా చిన్నది, కానీ అందులో 'ఎవరో ఉన్నారు' అన్న భయం ఉంది. రొద ఆగదు. గోలలో మనుషులుంటారు. సవ్వడి అనగానే విసుగు అనే మాటే పోతుంది. 'చెవిలో జోరీగ' అన్నవాళ్లు జోరీగ ఎన్ని డెసిబెల్స్ అని చూడలేదు, అది ఎక్కడికి వచ్చి మోగుతోందో చూశారు.

బోర్డు మీద గోరు గీకితే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకు?

కీచుగా ఉంటుంది కాబట్టి అనుకుంటాం. 1986లో లిన్ హాల్పెర్న్, రాండాల్ఫ్ బ్లేక్, జేమ్స్ హిల్లెన్‌బ్రాండ్ అలాంటి గీకుడు శబ్దాన్ని రికార్డు చేసి, అందులోని కీచు భాగాన్ని తీసేసి వినిపించారు. చిరాకు తగ్గలేదు. మధ్య ఫ్రీక్వెన్సీలు తీసేస్తేనే తగ్గింది.

ఇంకో కారణం గరుకుదనం. శబ్దం సెకనుకు కొన్ని పదులసార్లు వేగంగా హెచ్చుతగ్గులవుతుంటే చెవికి గరగరలాడుతున్నట్టు తగులుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ జ్వికర్ బృందం ఈ గరుకుదనాన్ని కొలిచే పద్ధతులు తయారుచేసింది. సెకనుకు 70 సార్లు దగ్గర ఇది అన్నిటికంటే ఎక్కువగా తెలుస్తుంది. మనిషి కేకలో ఇదే గరుకు ఉందని 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం చూపించింది: కేకల్లో 30 నుంచి 150 హెర్ట్జ్ మధ్య హెచ్చుతగ్గులు దట్టంగా ఉంటాయి, మామూలు మాటల్లో ఉండవు. అలారాల్లోనూ ఇదే గుణం. కేక చెవిన పడగానే తల తిప్పకుండా ఉండలేం, ఆ గరుకు పని అదే.

దూరం నుంచి దగ్గరికి వస్తున్న శబ్దం ఎక్కువగా అనిపిస్తుంది. భ్రమా?

భ్రమే, కానీ పనికొచ్చే భ్రమ. ఒకే మేరకు పెరిగే శబ్దం, తగ్గే శబ్దం వినిపిస్తే పెరిగేదే ఎక్కువ మారిందని జనం చెబుతారని జాన్ న్యూహాఫ్ 1998లో ప్రచురించాడు. మీదికి వచ్చేదాన్ని కాస్త పెద్దగా లెక్కగడితే తప్పుకోవడానికి సమయం ఉంటుంది.

పక్కనున్నవాళ్లు ఫోన్‌లో మాట్లాడుతుంటే పని సాగదు. అదే ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటే అంత ఇబ్బంది లేదు. నా చాదస్తమా?

కాదు. ఫోన్‌లో మనకు సగం సంభాషణే వినపడుతుంది. "అవునా? ... అయ్యో. ... ఎప్పుడు? ... మరి నువ్వేమన్నావ్?" అని వినపడుతుంటే మిగతా సగాన్ని మెదడు తనే పూరించుకోవడానికి తంటాలు పడుతుంది. 2010లో లారెన్ ఎంబర్సన్, సహచరులు దీన్ని పరీక్షించారు. సగం సంభాషణ వింటూ పని చేసినవాళ్ల ఏకాగ్రత, రెండు వైపులా విన్నవాళ్ల కంటే ఎక్కువ దెబ్బతింది. అర్థమయ్యే మాట, అందులోనూ అసంపూర్తి మాట, డెసిబెల్స్‌తో పని లేకుండా మనసును లాగుతుంది. తెలియని భాషలో అదే ఫోన్ సంభాషణ అయితే అంతగా పట్టించుకోం.

నేను పెట్టుకున్న పాట బాగుంటుంది. వాళ్లు పెట్టింది మాత్రం భరించలేను. ఎందుకు?

ఆపే బటన్ ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడ కీలకం. నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇది.

డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. మనుషుల్ని కూర్చోబెట్టి, ఎప్పుడొస్తుందో తెలియకుండా పెద్ద శబ్దాలు వినిపించారు. కొందరికి ఒక బటన్ ఇచ్చి "కావాలంటే నొక్కి ఆపుకోవచ్చు, కానీ నొక్కకపోతే మాకు మంచిది" అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే రెండు గుంపులూ ఒకే మోత విన్నాయి. శబ్దం ఆగాక రెండు గుంపులకీ కష్టమైన పనులిచ్చారు. బటన్ ఉన్నవాళ్లు ఓపిగ్గా ప్రయత్నించారు, తప్పులు తక్కువ చేశారు. లేనివాళ్లు తొందరగా చేతులెత్తేశారు. ఆపగలనన్న ధీమా ఒక్కటే తేడా.

"రాత్రి తొమ్మిదిన్నరకి ఆపేస్తామండి" అని ముందే చెబితే అదే మోతను ఓర్చుకోవడం ఇందుకే. ఆ మాటతో ఒక్క డెసిబెల్ కూడా తగ్గదు.

రోడ్డు, రైలు, విమానం: ఏది ఎక్కువ విసిగిస్తుంది?

సగటు డెసిబెల్స్ ఒకటే అయినా విమానం మీద ఫిర్యాదులు ఎక్కువ, తర్వాత రోడ్డు, ఆ తర్వాత రైలు. అనేక దేశాల సర్వేలను కలిపి హెంక్ మీడెమా, హెంక్ వోస్ 1998లో ఇదే తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ ప్రాంతానికి ఇచ్చిన సూచనల్లో కూడా పగలూ రాత్రీ కలిపిన సగటు రోడ్డుకు 53, రైలుకు 54, విమానానికి 45 డెసిబెల్స్ దాటకూడదంది. ఆ సగటు లెక్కలో సాయంత్రపు శబ్దానికి 5, రాత్రి శబ్దానికి 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు.

విమానం నెత్తి మీద నుంచి వస్తుంది, ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా తప్పించుకోలేం. రైలు టైముకి వస్తుంది, వెళ్లిపోతుంది, మధ్యలో ఊపిరి పీల్చుకునే నిశ్శబ్దం ఉంటుంది.

కొన్నాళ్లకు అలవాటైపోతుందంటారు. నిజమేనా?

సగమే నిజం. ట్రాఫిక్ పక్కన పడుకునేవాళ్లు కొన్ని రాత్రుల తర్వాత మేలుకోవడం తగ్గుతుంది. కానీ నిద్రలో బండి వెళ్లిన ప్రతిసారీ గుండె వేగం మారడం అంత తేలిగ్గా పోదు. "నాకు అలవాటే, ఏమీ అనిపించదు" అని పొద్దున్నే చెప్పే మనిషి శరీరం రాత్రంతా ఆ శబ్దానికి బదులిస్తూనే ఉండొచ్చు.

ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు, నాకొక్కడికే ఇబ్బంది. నా చెవులు మరీ చురుకా?

చెవి చురుకుకూ, శబ్దానికి నొచ్చుకునే స్వభావానికీ పెద్దగా సంబంధం లేదు. వినికిడి పరీక్షలో మామూలుగా వచ్చినవాళ్లే కొందరు శబ్దానికి చాలా బాధపడతారు. శబ్దం తీవ్రత ఒక్కటే చూసి ఏ మనిషికి ఎంత చిరాకో చెప్పడం కుదరదు, అది కథలో చిన్న భాగమే.

కొన్ని ప్రత్యేక పరిస్థితులున్నాయి. ఇతరులు నమిలే చప్పుడు, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టకటకలాడించడం వింటే ఒక్కసారిగా కోపం, టెన్షన్ కమ్ముకొస్తే అది మిసోఫోనియా కావచ్చు. ఈ మాటను 2001లో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు పెట్టారు. మామూలు శబ్దాలే నొప్పిగా తగిలితే హైపరాక్యుసిస్ అంటారు. రెండింటికీ చెవి డాక్టరునో, ఆడియాలజిస్టునో కలవాలి. 'సర్దుకుపో' అనే సలహా వీటికి మందు కాదు.

మూడోది ఇళ్లల్లో చాలా అపార్థాలకు మూలం. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. "నాన్నా, మందు వేసుకున్నారా?" అంటే "ఏంటీ? గట్టిగా చెప్పు" అంటారు. గొంతు పెంచి చెబితే "ఎందుకురా అలా అరుస్తావ్!" అని చెవులు మూసుకుంటారు. చాలాకాలం అది ఆయన మొండితనమే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దాన్ని రిక్రూట్‌మెంట్ అంటారని. లోపలి చెవిలో చిన్న శబ్దాలను పెంచి పంపే కేశకణాలు దెబ్బతింటే చిన్న శబ్దాలు పోతాయి, పెద్దవి మాత్రం ఎప్పటిలాగే పెద్దగా వినపడతాయి. 'వినపడటం లేదు'కీ 'అరుస్తున్నావ్'కీ మధ్య దూరం ఇరుకైపోతుంది. ఇప్పుడు ఎదురుగా వెళ్లి కూర్చుని, ఆయన నా ముఖం చూసేలా, నెమ్మదిగా, మామూలు గొంతుతో చెబుతాను. అలా చెబితే చాలాసార్లు ఒక్కసారికే వినపడుతుంది.

టీవీలో ప్రకటన రాగానే వాల్యూమ్ ఎందుకు పెరుగుతుంది?

ఒకప్పుడు నియమాలు శబ్దంలోని అతి పెద్ద శిఖరాన్ని మాత్రమే చూసేవి. ప్రకటన తయారుచేసేవాళ్లు శిఖరాన్ని పెంచకుండా, మధ్యలో ఉన్న తగ్గులన్నీ పూడ్చి, మొత్తం శబ్దాన్ని ఆ శిఖరం దగ్గరికి తెచ్చేవారు. శిఖరం అదే, మోత మాత్రం ఎక్కువ. తర్వాత చెవి వినే తీరుకు దగ్గరగా సగటు మోతను కొలిచే పద్ధతి వచ్చింది. యూరప్ ప్రసారకర్తలు 2010లో దాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు, అమెరికాలో అదే ఏడాది ప్రకటనల మోత మీద చట్టమే వచ్చింది.

చిరాకు పెట్టని శబ్దం చెవికి మంచిదేగా?

కాదు, ఈ ఒక్క విషయంలో డెసిబెల్స్‌నే నమ్మండి. చెవి లోపలి కణాలకు ఇష్టమైన పాట, ఇష్టం లేని డ్రిల్లింగ్ మిషను అన్న తేడా లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్స్ హద్దుగా పెట్టింది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం చేయాలి: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట. హెడ్‌ఫోన్స్ తీశాక చెవుల్లో గుయ్‌మంటే ఆ రోజుకి చెవులకు సెలవివ్వండి. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఫిర్యాదు చేయాలంటే ఏం రాసి పెట్టుకోవాలి?

ఫోన్ యాప్ అంకె ఒక్కటే చాలదు, అవి ఫోన్ ఫోన్‌కీ మారతాయి. టైము, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఏ రకం చప్పుడు, అది వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు, ఇవి రాయండి. 'చాలా శబ్దం' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'రాత్రి 11:40, లాగుతున్న చప్పుడు, నాలుగుసార్లు, రెండోసారికి మెలకువ వచ్చింది' అని రాస్తే తెలుస్తుంది.

పైఅంతస్తు వాళ్లకు ఎలా చెప్పాలి?

మా పైన రోజూ రాత్రి కుర్చీ లాగే చప్పుడు వచ్చేది. కిర్రుమని మొదలై 'దడ్' అని ఆగేది. కావాలనే చేస్తున్నారని నెల రోజులు లోపల ఉడికిపోయాను. చివరికి ఒక సాయంత్రం పైకి వెళ్లాను. కోపం మాట ఎత్తకుండా, "రాత్రి పదకొండు తర్వాత కుర్చీ జరిపితే కింద మా మంచం మీదే పడినట్టు ఉంటుందండీ, ఒకసారి వచ్చి వింటారా?" అని అడిగాను. ఆవిడ వచ్చారు, వాళ్లబ్బాయి పైన కుర్చీ జరిపాడు. విని "అయ్యో, మాకసలు తెలియనే తెలియదండీ" అన్నారు. ఆ వారమే కుర్చీ కాళ్లకు మందపాటి గుడ్డ బిళ్లలు అతికించారు. ఇప్పటికీ అప్పుడప్పుడు చప్పుడు వస్తుంది. వాళ్లబ్బాయి పరీక్షలకు చదువుకోవడానికి కూర్చున్నాడన్నమాట అనుకుని అటు తిరిగి పడుకుంటాను.